అటూ ఇటూ

మాస్టారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. నేనిప్పుడు ల్యాబ్‌లో లేను. ఫెలోషిప్ మీద ఢిల్లీలో, విదేశాంగ శాఖలో పనిచేస్తున్నాను.

నిన్న పొరుగు దేశంతో నది నీటి మీద చర్చలు. వాళ్ల కొలతకూ మన కొలతకూ ఏళ్ల తరబడి పొంతన కుదరడం లేదు. నా నోట్‌లో అంకె పక్కన ప్లస్ ఆర్ మైనస్ గుర్తు చూసి మా ఆఫీసరు మూర్తిగారు, "అది తీసేయమ్మా, మన లెక్క మీద మనకే నమ్మకం లేదనుకుంటారు" అన్నారు. నేను తీయలేదు. కొలత ఎంత అటూ ఇటూ అవుతుందో రాయలేదని మీరు నా ల్యాబ్ రికార్డంతా ఎర్రసిరాతో కొట్టేసింది మరిచిపోతానా?

అవతలి పక్క తెల్లజుట్టు ఇంజనీరు ఆ గుర్తు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. తన చేతిరాత పుస్తకం తీసి చూపించాడు. అందులోనూ అదే గుర్తు!

"టైపు చేసేటప్పుడు మావాళ్లు తీసేశారు" అన్నాడు నెమ్మదిగా.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆ అటూ ఇటూలో రెండు కొలతలూ కలిసిపోయాయి. మూర్తిగారు "అచ్ఛా!" అని కళ్లద్దాలు తీసేశారు.

సాయంత్రం రెండు దేశాలూ ఆ గుర్తు కిందే సంతకాలు పెట్టాయి. ఈసారి మీ ఎర్రసిరాతో కొట్టేయడానికి ఆ కాగితంలో ఏమీ లేదు, మాస్టారూ.