రాతి మీద పేరు

జూలై 12, ఆదివారం

తాతయ్యకు మీ మనవరాలి నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. ఈ ఉత్తరం మీకు చదివి వినిపించేది అత్తయ్యే కనుక తనకు రెండు నమస్కారాలు ఎక్కువ. ఫోన్లో మేం అరిచేది వీధి వీధంతా వింటుంది, మీరు తప్ప. అందుకే రాస్తున్నాను.

కొత్త కళ్ళజోడు పంపుతున్నాను. అద్దాలు నేనే అరగదీసి బిగించాను. వీటితో చీమ కాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చని మా దుకాణం యజమాని కోతలు కోశాడు. ముక్కు మీద ఒత్తుకుంటే తిరిగి పంపండి, సరిచేస్తాను.

ఇక చిన్నతాత సంగతి. మీ తమ్ముడి పేరెత్తితే మీరు లేచి వెళ్ళిపోతారని తెలుసు. కానీ పదహారేళ్ళ పిల్లవాడు యుద్ధం రోజుల్లో ఇల్లు విడిచి వెళ్ళి ఏమైపోయాడో ఎవరికీ తెలియకపోవడం నన్ను తినేస్తోంది. మీరు తిట్టబట్టే పారిపోయాడని తాతమ్మ చివరిదాకా మీతో సరిగ్గా మాట్లాడలేదట. వాడొస్తాడేమోనని తలుపు గడియ పెట్టనిచ్చేది కాదట. అత్తయ్యే చెప్పింది. అందుకే వంశవృక్షాల వెబ్‌సైటులో చేరి, బేరాలు లేని మధ్యాహ్నాలు ఆనాటి సైనికుల కాగితాలన్నీ తిరగేశాను. చిన్నతాత పేరు ఎక్కడా లేదు.

విసుగొచ్చి ఊరికే మీ పేరు కొట్టాను. తాతయ్యా, మీరు ఆ యుద్ధంలోనే పోయారట! సముద్రం అవతల సైనికుల శ్మశానంలో మీకో సమాధి కూడా ఉంది. నాన్నకు చూపిస్తే, మరి మొన్న కాఫీలో చక్కెర చాల్లేదని ఇల్లెగిరిపోయేలా అరిచిందెవరమ్మా అని ఒకటే నవ్వు. పేరు కలిసిన ఇంకెవరో అయ్యుంటారు. పాపం, అతనికీ ఒక తల్లి ఉండే ఉంటుంది. అక్కడ పెట్టిన ఆ సమాధి ఫొటో చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

చిన్నతాత జాడ ఇక దొరకదు. వెతకడం మానేశాను. మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ దీవెనలు కోరుతూ,
మీ అద్దాల పిల్ల

తా.క. ఈ చీటీని కళ్ళజోడు పెట్టెలో, తుడుచుకునే గుడ్డ కింద పెడుతున్నాను. పెద్ద అక్షరాలతో రాశాను. అత్తయ్యకు ఇవ్వకండి, మీరే చదువుకోండి.

ఆ సమాధి ఇంకెవరిదో కాదు. కాగితాల్లో తండ్రి పేరు మన ముత్తాతదే, ఇల్లు మన ఇల్లే. వయసు చాలక చిన్నతాత మీ కాగితాలు పట్టుకెళ్ళి మీ పేరుతో సైన్యంలో చేరాడు. మీరు చనిపోయారంటూ తంతి మనింటికే వచ్చింది. అది అందుకున్నట్టు రసీదు కూడా ఉంది. కింద చిన్నతాత పేరుతో సంతకం, పక్కన ‘మృతుడి తమ్ముడు’ అని ఉంది. నాకు అక్షరాలు దిద్దించింది మీరే. ఆ చేతిరాత పోల్చుకోలేనా?

అంటే మీకు మొదటినుంచీ తెలుసు. కొడుకు పోయాడని వింటే తాతమ్మ బతకదని, పారిపోయాడన్న మాటను అలాగే ఉండనిచ్చారు. ఆ నింద బతుకంతా మోశారు. సొంత తమ్ముడు పోతే నలుగురిలో ఏడవడానికి కూడా లేకపోయింది మీకు. నాకైతే ఏడుపు ఆగడం లేదు తాతయ్యా.

అడిగితే రాతి మీద పేరు మారుస్తారట. దగ్గరి బంధువు సంతకం కావాలన్నారు. ఆ కాగితం ఈ చీటీ వెనకే ఉంది. ఈసారి అన్నయ్యగా పెట్టండి.