నిన్ను పిలిపించమన్నారు వదినా

వదినా,

మన ఆన్‌లైన్ చీరల వ్యాపారంలో పెట్టుబడి పెట్టాలో వద్దో తేల్చుకోవడానికి ఇవాళ చిలకలూరిపేట నుంచి ఇద్దరు నరసరావుపేట వచ్చారు. స్పిన్నింగు మిల్లు పెద్దాయన, ఆయన అల్లుడు. నువ్వు పోయినప్పటి నుంచి ఆర్డర్లు తగ్గాయి. పంపినవాటిలోనూ చాలా చీరలు వెనక్కి వస్తున్నాయి. ఏదీ దాచకుండా చెప్పాను.

అల్లుడు ఫోన్‌లో నీ పాత వీడియో పెట్టాడు. నీలం చీర భుజాన వేసుకుని నవ్వుతున్నావు.

"ఈమె మానేసినాకే బేరాలు పడిపోయినయ్యి. మళ్ళీ పిలిపించండి, డబ్బు పెడతాం."

"ఆవిడ రాదండీ."

"ఏందమ్మా, జీతం దగ్గర పేచీనా? చానా ఎక్కువే ఇద్దాం," అన్నారు పెద్దాయన.

నాకెందుకో నవ్వొచ్చింది వదినా. ఆ నవ్వుతోనే నువ్వు చనిపోయావని చెప్పాను. పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

అల్లుడు మాత్రం, "పాత వీడియోలే మళ్ళీ పెట్టండి, జనం చూస్తారు," అన్నాడు.

"ఊరుకోవయ్యా, అదేం మాట!" అని మామగారు కసిరారు.

ఎవరి మాట సరైనదో తేలలేదు. నువ్వయితే ఏమనేదానివో కూడా తట్టలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

వాళ్ళు వెళ్ళాక ఆ వీడియో తెరిస్తే, కింద ఎవరో కొత్తగా అడిగారు: "అక్కా, ఈ చీర ఇంకా ఉందా?"

"ఉందమ్మా" అని రాశాను. ఖాతా ఇంకా నీ పేరు మీదే ఉంది కదా, అది నీ పేరుతో వెళ్ళింది.

వెంటనే జవాబొచ్చింది: "ఎన్నాళ్ళకి పలికావక్కా!"

డబ్బు కట్టి అడ్రసు కూడా పంపింది. చీర ప్యాక్ చేశాను. పంపేవారి పేరు దగ్గర ఎవరి పేరు రాయాలో తోచక ఇంకా పెన్ను పట్టుకునే కూర్చున్నాను.