గడప బయట కూర్చున్న ప్రధానోపాధ్యాయుడు

ఆదిలాబాదు జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
లక్షెట్టిపేట తాలూకా, నంబాలపేట గ్రామము, శ్రమోదయ ప్రైవేటు హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు కరుణాకర్‌రావు వ్రాసుకొన్న అర్జీ.
తేది: 9-9-1963

అయ్యా,

విషయం: ప్రధానోపాధ్యాయుడు వారం లోగా తరగతి లోపల కూర్చోనిచో పాఠశాల గుర్తింపు రద్దగునన్న తమ ఉత్తర్వు గురించి.

1. గత నెల తనిఖీకి వచ్చిన అధికారి గారు, నేను తొమ్మిదవ తరగతి గడప బయట నేల మీద కూర్చుని లెక్కలు చెప్పుచుండగా చూచి, "క్రమశిక్షణ బొత్తిగా లేదు" అని వ్రాసినారు. కూర్చున్న మాట నిజము. ఈ అర్జీ కూడా అక్కడనే కూర్చుని వ్రాయుచున్నాను.

2. మా బడిలో బెత్తము లేదు. ఎవరు ఎవరిని కొట్టినా, కొట్టినవారు గడప బయట కూర్చోవలెను. దెబ్బ తిన్నవారు పిలిచినప్పుడే లోపలికి రావలెను. వేరెవరు పిలిచినా చెల్లదు. పంతుళ్లకూ ఇదే నియమము. మాది దొరల ఇల్లు. మా తాతతండ్రుల చేయి ఊరిలో ఎందరి మీద పడినదో, అడిగిన నాథుడు లేడు. ఆ సిగ్గుతోనే మా ధాన్యపు కొట్టములో ఈ బడి పెట్టి, ఈ నియమము నా చేతితో వ్రాసి గోడకు అంటించితిని.

3. తనిఖీ వచ్చుచున్నదని విని భయపడితిని. పిల్లలను వరుసలో నిలబెట్టి స్వాగతము నేర్పుచుండగా, తొమ్మిదవ తరగతి కొమురవ్వ నవ్వినది. చెంప మీద కొట్టితిని. బడి పెట్టిన పదునాలుగేండ్లలో నా చేయి లేచుట అదే మొదలు. వెంటనే పోయి బయట కూర్చున్నాను. సాయంత్రము ఆ పిల్ల ఇంటికి పోతూ నా ముందర ఆగి, "ఇయ్యాల్ల కూసోండ్రి సార్, రేపు పిలుస్త" అన్నది. కండ్లలో కోపము లేదు. మంచిదమ్మా అంటిని.

మరునాడు రాలేదు. విషజ్వరము. ఐదవ నాడు గోదావరి ఒడ్డున పూడ్చిపెట్టినాము.

4. నన్నిప్పుడు ఎవరు పిలవవలెను అయ్యా? తోటి పంతుళ్లు పిలిచినారు. పిల్లలు ఏడ్చి పిలిచినారు. తమరు ఉత్తర్వు వ్రాసి పిలిచినారు. దెబ్బ తిన్నవారు మీరెవరూ కారు. నేను లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నచో, దొర కొడుకుకు నియమము లేదని ముప్పది ఎనిమిది మంది పిల్లలు కండ్లారా చూతురు.

కావున నన్ను తొలగించి, మా నాగయ్య పంతులు గారిని ప్రధానోపాధ్యాయునిగా ఒప్పుకొని, బడి గుర్తింపు నిలుపవలెనని ప్రార్థన. పదవ తరగతి వారికి మార్చిలో పరీక్ష ఉన్నది. నా తప్పుకు వారి చదువు పోరాదు. ఈ నాలుగు సంగతులు కోపము లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కరుణాకర్‌రావు

మరియొక మనవి: కవరు అంటించబోవుచుండగా కొమురవ్వ తల్లి ఐలవ్వ వచ్చినది. బడి మూతపడునని ఎవరో చెప్పినారట. బిడ్డ బదులు తానే నన్ను పిలుద్దామని వచ్చి, గడపలో నిలబడినది.

"నాతోని గాదు సారూ," అన్నది. "జరంల గూడ గదే అన్నది, రేపు సార్‌ను పిలువాలె అవ్వా అని. గా మాట గూడ నేననేస్తే, నా బిడ్డకు గీ బడిల ఇగ ఏం పని మిగుల్తది?"

నా పక్కన నేల మీద కూర్చున్నది. ఇంకా లేవలేదు. గడప బయట ఇద్దరమున్నామని తనిఖీ కాగితములో దిద్దుకొనగలరు.