పడవలో చెయ్యందించిన మనిషి

జనవరి 22, గురువారం

రిపబ్లిక్ డేతో కలిపి సెలవులు. రేపు బ్యాంకాక్. సుధాకర్ సూట్‌కేసు మూడోసారి విప్పి సర్దుతున్నాడు — పెళ్లయిన పందొమ్మిదేళ్లలో నా చీర ఒక్కటీ మడతపెట్టని మనిషి. అత్తమ్మ సంచిలో సకినాలు, మామిడికాయ తొక్కు. "ఆడ అన్నం దొరకకపోతే?" మా అమ్మాయి స్నేహకు ఇంటర్ పరీక్షలు దగ్గరపడ్డాయి. అయినా వస్తానంది.

ఆఫీసులో పద్మ కన్ను గీటింది. "బ్యాంకాక్‌కా? మీ ఆయన్ను జర కనిపెట్టుకోని ఉండు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

జనవరి 23, శుక్రవారం

అత్తమ్మకు మొదటి విమానం. బెల్టు బిగించుకుని కళ్లు మూసుకుని ప్రార్థన. పైకి లేచాక ఒక కన్ను తెరిచి — "దిగినమా?"

జనవరి 24, శనివారం

పొద్దున నది మీద పడవ. మన బస్సులాగే జనం ఎక్కుతూ, దిగుతూ. టికెట్లు ఇచ్చే ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. చేతిలో రేకు డబ్బా, నుదుటి మీద చెమట. గట్టుకూ పడవకూ మధ్య సందు చూసి అత్తమ్మ ఆగిపోయింది. ఆమె ఒక చేత్తో తాడు, ఒక చేత్తో అత్తమ్మను పట్టి ఎక్కించింది. ఎవరినో లేపి సీటిప్పించింది. దిగేటప్పుడూ అంతే. "సల్లగుండు బిడ్డా" అని అత్తమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. ఏం అర్థమైందో, ఆమె నవ్వుతూ చేతులు జోడించింది.

సుధాకర్ వీడియో తీస్తున్నాడు. వాళ్లమ్మను తీస్తున్నాడనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర స్నేహ ఫొటోలు పంపుకుందామని వాళ్ల డాడీ ఫోను తీసుకుంది. కాసేపటికి దాన్ని నా పళ్లెం పక్కన పెట్టింది.

అతని దోస్తుల గ్రూపు. ఆ వీడియో. అందులో అత్తమ్మ లేదు. ఆమె నడుము. ఆమె వంగి తాడు కట్టడం. దగ్గరగా, ఇంకా దగ్గరగా. కింద ఒకడు — రేటెంతనో అడుగు. ఇంకొకడు రాసింది ఇక్కడ రాయలేను. సుధాకర్ జవాబు — ఇంటోళ్లు పక్కన్నే ఉన్నరు, లేకుంటే అడుగుతుంటి.

నోట్లో ముద్ద. కాగితంలోకి ఉమ్మేశాను.

"మగోళ్ల గ్రూపు. జోకులు నడుస్తయ్. ఆమెకు తెలుగొస్తదా ఏంది?"

"నీ బిడ్డకొస్తది."

దానికి అతను అడిగింది — స్నేహకు ఫోనెవరిచ్చారని.

ఏమైందని అత్తమ్మ. చదివి వినిపించాను. మొత్తం, గ్రూపులో ఉన్నది ఉన్నట్టు. సుధాకర్ లేచి నిలబడ్డాడు. ఆమె అతన్ని కూర్చోమంది.

"నన్ను చెయ్యి పట్టి దించిన పిల్లనా? మీ నాయన పోయినంక నేను జిన్నింగ్ మిల్లుల పత్తి మోసిన. మేస్త్రీలు నన్ను గూడ గిట్లనే అనేటోళ్లు. గా కూలితోనే నువ్వు సదివినవ్‌రా."

అతను తల వంచుకుని వీడియో తీసేశాడు. తీసేశానని నాకు చూపించాడు. మెచ్చుకుంటాననుకున్నాడేమో.

జనవరి 25, ఆదివారం

బాత్రూంలో నా బ్రష్షు పక్కన అతని బ్రష్షు. నాది తీసి సంచిలో పెట్టాను.

అత్తమ్మ కొడుకు తెచ్చిన చాయ్ ముట్టలేదు. స్నేహ చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పాట ఏమీ రావడం లేదు.

సాయంత్రం పెద్ద మాల్. ఎవరో అడిగి మరీ మా నలుగురికీ ఫొటో తీశారు. చూశాను. నేను నవ్వుతున్నాను. పళ్లు కనబడేలా... ఛీ.

జనవరి 26, సోమవారం

తిరుగు ప్రయాణం. విమానంలో నా పక్కన అత్తమ్మ. మెల్లగా నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది.

"చర్చి సంఘంల తెలిస్తే ఇజ్జత్ పోతది. వాడు ఆడ సెక్రెటరీ ఆయె. కడుపుల పెట్టుకో బిడ్డా."

మొన్న మాట్లాడిన మనిషేనా! చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్లొత్తుకుంది. జాలేసింది. జాలి పడినందుకు నా మీద నాకే రోత.

జనవరి 28, బుధవారం

ఆఫీసు సగం మేడారం జాతరకు పోయింది. పద్మ ఉంది. "ఎట్లుంది బ్యాంకాక్?" మంచిగుంది అన్నాను.

జనవరి 30, శుక్రవారం

సుధాకర్ ఇస్త్రీ చొక్కా కోసం మాత్రమే పిలిచాడు.

ఫిబ్రవరి 1, ఆదివారం

చర్చిలో సుధాకర్ సాక్ష్యం. క్షేమంగా తీసుకెళ్లి క్షేమంగా తీసుకొచ్చిన దేవునికి స్తోత్రం. గొంతులో వణుకు కూడా. ఒకప్పుడు ఆ వణుకు చూసే ఇతను మంచివాడనుకున్నాను.

తర్వాత పాస్టరయ్య ప్రకటించారు — వచ్చే వారం నుంచి యవ్వనస్థుల కూటం బాధ్యత సుధాకర్‌గారిది. చప్పట్లు. ముందు వరసల్లో ఆడపిల్లలు, స్నేహ ఈడువాళ్లు. వాళ్ల మధ్య నుంచి స్నేహ వెనక్కి తిరిగింది. వాళ్ల డాడీని చూడలేదు. నన్ను చూసింది.

ఇంటికొచ్చాక అంది — "మమ్మీ, నువ్వు గూడ చప్పట్లు కొట్టినవ్."

కొట్టాను.

ఫిబ్రవరి 2, సోమవారం

పాస్టరమ్మ ఫోన్. సాయంత్రం ఇంటికి వస్తుందట, కూటం సంగతులు మాట్లాడడానికి. సుధాకర్ మిఠాయి తెచ్చాడు. అత్తమ్మ పొద్దున్నుంచీ నా మొహమే చూస్తోంది. నేను ఏమంటానో నాకే తెలియదు.

స్నేహ ముందుగదిలో, తలుపుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. లోపలికి వెళ్లి చదువుకోమన్నాను.

"ఈడనే ఉంట. నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

గేటు చప్పుడు...