గరిటె కడిగి పెట్టి వెళ్లు

చిన్నీ,

నేను బడికి వెళ్తున్నాను. నీ పైలట్ పరీక్ష రెండింటికి. డబ్బాలో టిఫిన్ ఉంది, తినే వెళ్లు. ఖాళీ కడుపుతో సిమ్యులేటర్ ఎక్కితే కళ్లు తిరుగుతాయి.

నిన్న సాధనకి విమానం సీట్లుగా ఫ్రిజ్ ముందు వేసిన రెండు కుర్చీలూ మళ్లీ భోజనాల బల్ల దగ్గర పెట్టు. చక్రాలు దించే లివర్‌గా వాడిన గరిటె కడుగు. పక్కింటి పిన్నిగారి బకెట్ ఇచ్చిరా. నిన్న నేను "ఇంజన్‌లో మంటలు!" అని అరిస్తే, పాపం నిజమనుకుని నీళ్లు మోసుకొచ్చారు. నేను తరగతిలో కూడా అంత గొంతు ఎత్తను.

ఇంకొక మాట. ఇంట్లో సాధనప్పుడు నువ్వు చెక్‌లిస్టు చదువుతుంటే, మీ నాన్న ఒక్కోదానికి జవాబు చెప్పిన ప్రతిసారీ చివర ఒక దగ్గు దగ్గేవారు. ఆయన పోయేదాకా ఆ పక్క కుర్చీలో ఆయనే కూర్చున్నారు కాబట్టి, దగ్గు వినపడితేగానీ నీ చెయ్యి కదలదు. నిన్న నేను "చక్రాలు దిగాయి" అన్నాక కూడా గరిటె పట్టుకుని అలాగే కూర్చున్నావు. పైగా "దగ్గవేంటమ్మా?" అన్నావు. నవ్వలేక చచ్చాం.

ఈ రోజు పక్క సీట్లో ఉండేవాళ్లు నాన్నలా దగ్గరు. జవాబు వినగానే తర్వాతి పని చెయ్యి. ఆగావంటే ఫెయిల్ చేస్తారు.

అమ్మ

నిన్న నువ్వు ఆగినప్పుడు నేనూ ఆ దగ్గు కోసమే ఆగాను. నాకు పరీక్ష లేదు కాబట్టి ఫర్వాలేదు.