డిసెంబర్‌లో మూసిన కన్నం

కిట్టూ,

ఎలా ఉన్నావని మొదలుపెట్టడం అలవాటు. ఇప్పుడెవర్ని అడగను? నువ్వు పోయి మూడు నెలలు నిండాయి. సిడ్నీలో ఎండలు తగ్గుముఖం పట్టాయి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని మమ్మల్ని హడలగొట్టారు కదా... ఏమీ కాలేదు. ఆఫీసులో కేకు కోశారు. నీ పన్నెండోరోజుకి ఒక్కపూట సెలవిచ్చి అదే గొప్పన్నట్టు మాట్లాడిన మేనేజరే ఆ ముక్క నా చేతిలో పెట్టాడు. తీసుకెళ్ళి బిన్‌లో పడేశాను.

నీమీదా కోపంగానే ఉంది. పెళ్ళయినా కాని వయసులో గుండె ఆగిపోవడమేమిట్రా? నాన్నదీ అదే జబ్బు, ఒకసారి డాక్టరుకి చూపించుకోరా అని ఎంత మొత్తుకున్నాను... "చలికాలం రానీ అక్కా, పని తగ్గుతుంది" అన్నావు. ఏ దేశపు చలికాలంరా అది?

నువ్వు మన హాల్లో సోఫా మీదే పోయావు. అంబులెన్సు గేటు దాటిందో లేదో, మీ బావ ఇండియాకి ఫోను కలిపాడు. మా అత్తగారు పంచాంగం చూపించారు. ధనిష్ఠా పంచకంలో పోయావట. ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలట. ఓనరు ఫిజీ ఆంటీ తాతలు మన తెలుగువాళ్ళే కదా, ఆవిడకి ఈ పట్టింపులేవీ గుర్తులేవు. పోయినవాడు పోతే ఇల్లేం చేసిందమ్మా అని అడిగింది. నేనూ అదే అడిగాను. ఎవరు విన్నారు? నీ పన్నెండోరోజు అవగానే టూంగాబీ ఇంటికి తాళం వేసి, గిరావీన్‌లో ఈ ఇరుకు ఫ్లాటుకి వచ్చి పడ్డాం.

ఇక మనవాళ్ళ సంగతి చెప్పాలా? నక్షత్రం కాదు, గబ్బిలాలే కారణం అన్నారు. గబ్బిలం దూరితేనే ఇల్లు శుద్ధి చేయిస్తారు, మీవాడు పైకప్పులో పెట్టుకు పెంచాడు అన్నారు, నా మొహం మీదే. పెంచలేదు, అవి మనకన్నా ముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్నాయని ఎంతమందికని చెప్పను? వీళ్ళే కదా నువ్వు బతికుండగా, యూనివర్సిటీలో గబ్బిలాల మీద పరిశోధన చేస్తున్నావని గబ్బిలాల డాక్టరుగారూ అని వెక్కిరించి, జావా నేర్చుకుంటే నెలలో ఉద్యోగం వస్తుందని సలహాలిచ్చింది. నువ్వు నవ్వి ఊరుకునేవాడివి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది.

నీ మాట శ్రద్ధగా విన్నది ఒక్క మీ బావే. యూరప్‌లో బాల్టిక్ సముద్రం ఒడ్డున శాస్త్రవేత్తలు బొటనవేలంత గబ్బిలాన్ని పట్టుకుని, ముంజేతికి చిన్న కడియం తొడిగి వదిలేస్తే, అది దేశాలు దాటుకుంటూ పోయి ఫ్రాన్సులో ఎవరి అటక మీదో దొరికిందని... అన్నం చల్లారిపోయేదాకా చెప్పేవాడివి. ఆయన నోరు తెరుచుకుని వినేవాడు.

ఒకరోజు ఆయనే అడిగాడు, ఇంట్లో గబ్బిలాలు వద్దనుకుంటే అక్కడివాళ్ళు ఏం చేస్తారని. నువ్వేమన్నావో గుర్తుందా? "చంపక్కర్లేదు బావా. డిసెంబర్ దాకా ఆగితే చాలు. అప్పటికి అన్నీ వెచ్చని చోటికి వలసపోతాయి, గూట్లో ఒక్కటీ ఉండదు. అప్పుడు కన్నం మూసేస్తే సరి."

ఆయన ఆ మాట మర్చిపోలేదు. నా ఏడుపంతా అదే.

మళ్ళీ ఆ ఇంట్లో అడుగుపెట్టేలోపు గబ్బిలాల్ని వదిలించాల్సిందేనని అత్తగారు పట్టుబట్టారు. మందు కొట్టేవాణ్ణి పిలవమని స్నేహితులు చెప్పారు. మీ బావ ఒప్పుకోలేదు. నీ ప్రాణాలవి, వాటిని చంపనివ్వనని అందరితో పోట్లాడాడు. డిసెంబర్ వచ్చేదాకా ఆగాడు. ఒకరోజు పెందలాడే ఆఫీసు నుంచి ఆ ఇంటికెళ్ళి, లోపలికి పోకుండా బయటే నిచ్చెన వేసుకుని తనే ఎక్కాడు. సందులో వేళ్ళాడుతున్నవాటిని చూసి, ఇవింకా వలస పోలేదేమిటా అని కాస్త అనుమానించాడట. చీకటి పడుతుండగా అన్నీ బయటికి ఎగిరిపోయేదాకా చూసి, అప్పుడు ఆ పెంకుల సందులో కన్నాలు పూడ్చే నురగ కొట్టి మూసేశాడు. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదని ఆ రాత్రి తృప్తిగా అన్నం తిన్నాడు. నేనప్పుడు ఆఫీసులో డబుల్ షిఫ్టులో ఉన్నాను. నాకా సంగతి తెలిసేసరికి ఆదివారం వచ్చింది.

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే నువ్వు నాకు చెప్పిన మాట వేరు కదా కిట్టూ. "ఇక్కడివి ఎక్కడికీ పోవక్కా. డిసెంబర్ వీటికి పురుళ్ళ కాలం. తల్లులు మేతకెళ్ళేటప్పుడు పిల్లల్ని గూట్లోనే వదిలి వెళ్తాయి."

ఈ మాట నాకు చెప్పావు. ఆ మాట ఆయనకి చెప్పావు. రెండూ ఒకరికే చెప్పకూడదుట్రా?

ఆఫీసులో పనుందని చెప్పి, తాళం తీసుకుని ఒక్కదాన్నే పరిగెత్తాను. పాడుపెట్టిన ఇంట్లో అడుగుపెట్టకూడదన్నారు... పెట్టాను. ఇంకా వెలుతురుంది. సీలింగులో ఉన్న చిన్న తలుపు తోసి పైకెక్కాను. పెంకుల కింద వేడికి ఊపిరాడలేదు. కన్నం దగ్గరే పిల్లలన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. ఒంటి మీద బొచ్చు కూడా సరిగ్గా రాలేదు. ఒక్కటైనా కదులుతుందేమోనని చాలాసేపు చూశాను. కదల్లేదు.

నువ్వు చెప్పినట్టే గ్లోవ్స్ వేసుకుని తీశాను. పెరట్లో గొయ్యి తవ్వి పాతిపెట్టాను. చీకటి పడుతుంటే రెండు మూడు తల్లులు వచ్చి ఆ మూసిన చోట వాలాయి, గీరాయి, లేచిపోయాయి. ఆ నురగ రాయిలా గట్టిపడింది, లోపల్నుంచి స్క్రూడ్రైవరుతో పొడిచినా ఊడిరాలేదు. పెరటి మెట్లమీద కూర్చుని ఏడ్చాను చూడు... నువ్వు పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

ఫ్లాటుకి తిరిగొస్తే ఆలస్యమెందుకయిందని మీ బావ అడిగాడు. ట్రైను లేటన్నాను.

అప్పట్నుంచీ చెప్పలేదు. ఎలా చెప్పను? బావమరిది కోసం ఈ ఒక్క పనైనా సరిగ్గా చేశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటాడు. చెప్పినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆయన్ని తిట్టాలనుంది. తిడితే నిన్ను తిట్టినట్టే కదా, ఆయన చేసింది నువ్వు చెప్పిందే... ఎవరిమీద చూపించను ఈ కోపం?

కానీ ఇంక దాచడం కుదరదు. ఈ శనివారం మీ యూనివర్సిటీ నుంచి నీ ప్రొఫెసరు వస్తున్నాడు, నువ్వు రోజూ చూసుకున్న ఆ గూటిని చూస్తానని. మీ బావే పిలిచాడు, తన పనితనం బయటినుంచే చూపించడానికి. మూసిన నెల పేరు వినగానే ఆ పెద్దాయనకి అంతా అర్థమైపోతుంది. పరాయివాడి నోటివెంట, నలుగురి ముందు వింటే ఈయన తట్టుకోలేడు.

అందుకని శుక్రవారం సాయంత్రం ఆయన్ని ఆ ఇంటికి తీసుకెళ్తాను. ఆరు నెలలు కాకుండా గడప దాటకూడదని గొణుగుతాడు. గొణగనీ. కన్నం తెరవమని ఉలి చేతికిచ్చి, నిచ్చెన నేను పట్టుకుంటాను. పైకెక్కాక చెప్తాను... లేదు, ఎక్కకముందే చెప్తాను. విని కాలు జారితే?

నాకిక్కడ మిగిలింది ఆయనొక్కడేరా.

అక్క