పా నోయ్ సంతకం పెట్టని కాగితం

బ్యాంకాక్,
ఆదివారం మధ్యాహ్నం.

సుగుణక్కకు,

నీ చెల్లెలు భారతి నమస్కారాలు. నేనిక్కడ ఆరోగ్యంగానే ఉన్నాను. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? మొన్నటి గాలికి బాపులపాడు వైపు మామిడికాయ బాగా రాలిందని విన్నాను. నాన్న కాపలా ఉండే తోట సంగతేమిటో రాయి. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, అమ్మ వింటుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. చదివాక తీసెయ్యి.

ఈ ఊరు ఎలా ఉందని అడిగావు. రెండు నెలలుగా దీనితో వాదించాలని చూసి ఓడిపోతున్నాను. ఎండ మన ఎండే, కానీ ఒంటి మీద చెమట ఆరదు. సాయంత్రం వాన కురిస్తే అరగంటలో వీధి కాలువవుతుంది. జనం చెప్పులు చేతపట్టుకుని కబుర్లాడుకుంటూ ఆ నీళ్లలోనే నడిచిపోతారు. నేను పడవ మీద కాలేజీకి వెళ్తాను. అది ఒడ్డుకు తగిలీ తగలకముందే దూకాలి. పచ్చిమామిడి ముక్కను కారం కలిపిన పంచదారలో అద్దుకుని తింటారు. పుల్లటి కాయకు ఉప్పూకారం చాలదా, పంచదార ఎందుకని బండి దగ్గర ఆమెను నిలదీశాను. ఆమె నవ్వి మరో చెంచా పంచదార వేసింది.

ఒకనాటి సాయంత్రం ఆరింటికి రైలు స్టేషన్‌లో పాట మొదలైంది. అందరూ ఉన్నచోటనే నిలబడిపోయారు. అది వారి జాతీయగీతమని తెలియక నేనొక్కదాన్నే నడుచుకుంటూ పోయాను. ఎవరూ ఆపలేదు, ఏమీ అనలేదు. మన కాలేజీలో తప్పు మాట్లాడితే వెనక బెంచీ నుంచైనా ఒకరు లేచి కాదనేవారు. కాదనేవారే లేని చోట నేను తప్పు చేశానో లేదో నాకెలా తెలుస్తుంది? ఈ భయం రోజూ నాతోనే లేస్తోంది.

ఇక అసలు సంగతి. నా వీసా గడువు శుక్రవారంతో తీరిపోతుంది. పొడిగించాలంటే, నేను ఈ ఇంట్లోనే ఉంటున్నానని ఇంటి యజమాని గడులు నింపి సంతకం చేసిన కాగితం గురువారం వీసా ఆఫీసులో ఇవ్వాలి. అది లేకపోతే చదువు సగంలో వదిలి రావలసిందే. మా ఇంటావిడను అందరూ పా నోయ్ అంటారు. పా అంటే మన పెద్దమ్మ లాంటి పిలుపు. భర్త పోయి ఏడాది కాలేదు. కింది గదిలో ఆయన ఫోటో ముందు రోజూ అగరొత్తి వెలిగించి, పళ్లెంలో పండు పెడుతుంది.

పోయిన సోమవారం ఆ పళ్లెంలో మామిడిపండు కనిపించింది. నీ పక్కన మామిడి షెడ్డులో కూర్చుని మంచీచెడూ చూసి కాయలేరిన చేయి కదా, ఆలోచించకుండా తీసి ముచ్చిక దగ్గర వాసన చూశాను. వాసనే లేదు. పా నోయ్ గుమ్మంలో నిలబడి ఉంది. నేను అంతటితో ఊరుకున్నానా? ఇది చెట్టున పక్వానికి రాని కాయ అని, మందు పెట్టి రంగు తెప్పించారని, పోయినవారికి ఇలాంటిది పెట్టకూడదని పావుగంట ఉపన్యసించాను. మనింట్లో నైవేద్యం ఎవరైనా ఇలా ముట్టుకుంటే నేనే కదా ముందు గొడవ పెట్టుకునేదాన్ని. ఆమె చిరునవ్వు నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అంతకు ముందురోజే నేను సంతకానికి ఇచ్చిన కాగితం ఫ్రిజ్ మీద అలాగే ఉంది. బయలుదేరేనాడు నువ్వన్నావు గుర్తుందా, "ఒసేయ్, నీ నోటికి విమానం టికెట్టు దొరికింది గానీ తాళం దొరకలేదే" అని. అప్పుడు నీకు కూడా సమాధానం చెప్పాను. ఇప్పుడు కిందికి వెళ్లి అడగడానికి కాళ్లు రావడం లేదు. అయినా వెళ్తున్నాను.

అక్కా, వెళ్లి వచ్చి రాస్తున్నాను. మెట్లు దిగుతూ ఆరు పాయింట్లు సిద్ధం చేసుకున్నాను. పా నోయ్ వంటగదిలో వెల్లుల్లి ఒలుస్తోంది. "తప్పు చేశాను" అన్నాను. తక్కినవేవీ నోటికి రాలేదు.

"అవును, తప్పే," అంది, తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లిషులో. ఒలవడం ఆపలేదు. "ఆయనకి పెట్టిన పండుకి వంక పెట్టావు. అబ్బ, ఎంతసేపు మాట్లాడావో." ఇంకో రెబ్బ అందుకుని మళ్లీ అంది: "పండు బాగోలేదని నాకూ తెలుసు. బజారుకి ఆయనే వెళ్లేవాడు. నాకు ఏరడం రాదు."

నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"ఆ కాగితాలు నింపడమూ ఆయన పనే. రోజూ తీసి చూస్తున్నా. ఏ గడిలో ఏం రాయాలో తెలియట్లేదు. చదువుకున్న పిల్లవి, నవ్వుతావని అడగలేదు."

అక్కా, ఆరు రోజులు ఆమె కోపాన్ని కొలుస్తూ గడిపాను. కాగితం ఎందుకు కదలలేదని ఒక్కసారీ అడగలేదు. ఆమె భాషలో నాకు అక్షరం రాదు. ఆమె ఒక్కో గడి చదివి అర్థం చెబితే, అక్కడ ఏం రాయాలో నేను చెప్పాను. ఇద్దరం బల్ల మీద వెల్లుల్లి పొట్టు పక్కకు నెట్టి కూర్చున్నాం. యజమాని పేరు రాయవలసిన చోట ఆమె కలం చాలాసేపు ఆగింది. ఆయన పేరులో మొదటి అక్షరం రాసి, కొట్టేసి, పక్కన తన పేరు రాసి, కింద సంతకం పెట్టింది.

కొట్టివేత ఉన్న కాగితాన్ని గురువారం తీసుకుంటారో, కొత్తది తెమ్మంటారో తెలియదు. తెమ్మంటే ఆమెను మళ్లీ ఆ గడి రాయమని ఎలా అడగాలో అంతకన్నా తెలియదు. పని అయ్యేదాకా అమ్మకు చెప్పకు. నాన్నకు, విస్సన్నపేట మామయ్యకు, అత్తయ్యకు నా నమస్కారాలు అందించు. గురువారం పొద్దున నన్ను తలుచుకుని దీవించు.

నీ చెల్లెలు,
భారతి